గంట నిలవాల్సిన ముల్లు

ముల్లు కదల్లేదు. నాలుగూ అయిదుకి ఎక్కడుందో ఇప్పుడు నాలుగూ పద్దెనిమిదికీ అక్కడే ఉంది, పదిహేను గీత మీద, గీతతో పాటే అచ్చువేసినట్టు. దానికి ఎదురుగా నేను, సబ్బుపొడి డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, మోకాళ్ళ మీద ఫారం పెట్టుకుని. బాయిలరు పరీక్ష అంటే ఏవో పెద్ద యంత్రాలతో చేసే పని అనుకుంటారు జనం. చేసేదేమీ లేదు. మంట ఆర్పి, చల్లారనిచ్చి, లోపలి గాలంతా పోయేదాకా చన్నీళ్ళు నింపి, అది రోజూ మోసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు చేతిపంపుతో ఎక్కించి, వాల్వు బిగించి, గంటసేపు చూస్తూ కూర్చోవాలి. ముల్లు నిలబడితే బాయిలరు నిలబడినట్టు. దిగితే ఎక్కడో కారుతున్నట్టు. అదెక్కడో వెతికి, బాగుచేసి, మళ్ళీ మొదటి నిమిషం నుంచీ గంట. ఇరవై రెండేళ్ళుగా నా ఇల్లు గడుస్తున్నది ఇలా కూర్చుని చూసినందుకే. ఇవాళ మాత్రం కూర్చున్నచోట ముళ్ళున్నట్టుంది. అయిదున్నరకు మందిరంలో నా తల మీద చేతులుంచి, ప్రార్థన చేసి, నన్ను సంఘ పెద్దగా నిలబెడతారు. ఇక్కడి నుంచి అక్కడికి ఇరవై నిమిషాలు. అయిదూ అయిదుకి గంట నిండుతుంది. నిండగానే సంతకం, సీలు, పరుగు. చొక్కా మార్చుకోవడానికి రెండు నిమిషాలు. అన్నీ సరిపోతాయి, ముల్లు కదలకుండా ఉంటే.

అసలు రెండింటికే మొదలవ్వాల్సింది. రెండింటికి మొదలైతే మూడింటికి ఇల్లు, స్నానం, కాసేపు మోకాళ్ళ మీద ఒంటరిగా. అలా అనుకున్నాను. కానీ వచ్చేసరికి నీళ్ళ గొట్టం పగిలి ఉంది. కొత్త గొట్టం కోసం ఈ ఆస్పత్రి లాండ్రీ మేడమ్ నన్ను ఒక గదికి పంపింది, ఆ గదిలోనివాళ్ళు తాళం కోసం మరో గదికి, తాళమున్న మనిషి భోజనానికి. గొట్టం దొరికాక కూడా నీళ్ళు నిండేటప్పుడు ధార కట్టెపుల్లంత. నేను ఈ ముల్లున్న గేజిని బిగించే మెలికల మీద, నీళ్ళు కారకుండా, టేపు చుడుతుంటే ఇంటి నుంచి ఫోను, "ఏమండీ, బయల్దేరారా?" అని. బయల్దేరడమా, ఇంకా మొదలే కాలేదని విసుక్కున్నాను. ఆవిడేం చేసింది పాపం. ఇవాళ పొద్దున్నే ప్రార్థనలో అడిగాను, నాలుకకు కళ్ళెం వెయ్యి ప్రభువా అని. మధ్యాహ్నానికే కళ్ళెం తెగింది. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంతే. కోపం, విసుగు, ఎవరైనా పొగిడితే లోపల పొంగడం, ఇవన్నీ ఒక్కోటీ తరిమేసి తలుపు వేసుకుంటాను, వెనక్కి తిరిగి చూస్తే కుర్చీలో కూర్చుని ఉంటాయి.

"పది నిమిషాలు దాటిందిగా సార్" అన్నాడు పొగమామ, గుమ్మంలో బీడీ ఆర్పేస్తూ. ఈ బాయిలరుకు మంటపెట్టే మనిషి. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళ పొగ కనుబొమ్మల్లో ఉంది. "కారేదైతే ఈపాటికే కారేది. మీ ముందున్న సారు పది నిమిషాలు చూసేవాడు, గంట అని రాసేవాడు."

"అదెలా మామా?"

"ఆయన వాచీలో గంటకి పది నిమిషాలే ఉండేవి సార్. మంచి కంపెనీది."

నవ్వొచ్చింది, నవ్వాను. నవ్వినందుకు చిరాకేసింది. ఫారం వెనక కుట్టి ఉన్న పాత ఏళ్ళ పేజీలు తిప్పితే ఆ సారు చేతిరాత వరసగా కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ మొదలు పదకొండు, ముగింపు పన్నెండు, నిమిషం అటూ ఇటూ లేదు. నా పేజీల్లో మొదలు పదీ ముప్పై ఏడు, ముగింపు పదకొండూ ముప్పై ఎనిమిది లాంటివి ఉంటాయి. నిజం రాస్తే అంకెలు ఇలా అసహ్యంగా ఉంటాయి కాబోలు. దీనివల్లే నాకు గంటల సారు అని పేరొచ్చింది. మొదట వెక్కిరింపుగా అన్నారు. తర్వాత అదే గౌరవమైంది. మందిరందాకా పాకి, పాస్టరు గారి చెవిన పడి, ఇవాళ్టి సాయంత్రందాకా వచ్చింది. "మనలో ఒకాయన ఉన్నాడు, ఎవరూ చూడనిచోట కూడా గంట కూర్చుంటాడు" అని పోయిన వారం అందరి ముందూ అన్నారాయన. తల వంచుకున్నాను. వంచుకున్న తల లోపల ఏం జరిగిందో ప్రభువుకు తెలుసు, నాకు తెలుసు.

"మేడమ్ రెండుసార్లు అడిగింది సార్. ఆపరేషన్ గది దుప్పట్లు మూటలు మూటలుగా పడున్నాయంట. ఆవిరి లేక ఏమీ ఉతకలేదు పొద్దున్నుంచీ."

"అయిదూ అయిదుకి చెప్తానని చెప్పు."

"చెప్పా. మళ్ళీ చెప్తా. టీ తెస్తా" అని వెళ్ళిపోయాడు. గోడ అవతల ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు పని లేక కూర్చుని ఎవరి అత్తగారి గురించో చెప్పుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుకీ ఈ ముల్లుకీ మధ్య ఒక ఇటుక మందం. బాయిలరుకేదైనా అయితే మొదట ఆ గోడే పోతుంది. ఇది తెలిసినవాణ్ణి ఈ గదిలో నేనొక్కణ్ణే. వాళ్ళకు తెలియనక్కర్లేదు. వాళ్ళకు తెలియనక్కర్లేకుండా ఉండటం కోసమే నేనున్నాను.

మా నాన్న అనేవాడు, శోధన కొమ్ములతో రాదురా, చుట్టంలా వస్తుంది, గుమ్మంలో చెప్పులు విడిచి మరీ లోపలికొస్తుంది, కులాసా అడుగుతుంది అని. నాన్న మందిరంలో బల్లలు తుడిచేవాడు, ఆదివారం గంట కొట్టేవాడు, మిగతా వారమంతా తలుపుల దుకాణంలో రంపం లాగేవాడు. చదువు నాలుగు అక్షరాలు. చిన్నప్పుడు నాకా మాట అర్థమయ్యేది కాదు. దొంగతనమో, తాగుడో, పరాయి ఆడదాని వైపు చూపో, శోధన అంటే అవీ అనుకునేవాణ్ణి. అవి నన్ను పెద్దగా బాధపెట్టలేదు, అందులో నా గొప్పేమీ లేదు, నా తీరే అంత. ఎవరైనా డబ్బు కవరు జేబులో పెట్టబోతే చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. కాని నాకొచ్చేవి వేరే. నాకొచ్చేవన్నీ మంచిపనుల వేషంలో వస్తాయి. ఇవాళ చూడు, నన్ను ఈ డబ్బా మీంచి లేవమని పోరుతున్నదేమిటి? మందిరం. ప్రార్థన. దైవసేవకుడి చేతులు. రోగుల కింద పరవాల్సిన శుభ్రమైన దుప్పట్లు. ఇవన్నీ చెయ్యి పట్టుకుని లాగుతున్నాయి. ఇక్కడ కూర్చోబెడుతున్నదేమో ఒక ఇనప పీపా. ప్రభువా, ఏది నీ వైపు, ఏది కాదు? నీ దగ్గరికి రావడానికి కూడా నువ్వే అడ్డం పడాలా? శోధనలోకి తీసుకుపోవద్దని రోజూ అడుగుతాను కదా. తీసుకొచ్చింది ఎవరు మరి, ఆ గొట్టం పగలగొట్టింది ఎవరు?

నాలుగూ ముప్పై ఒకటి. కదల్లేదు. ఎక్కువసేపు చూస్తే కదిలినట్టే ఉంటుంది, రెప్ప కొడితే మళ్ళీ అక్కడే ఉంటుంది. పిల్లలు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి చూసినట్టు చూడాలి దీన్ని. సిలువకు ముందు రాత్రి తోటలో ప్రభువు తన శిష్యుల్ని ఎంతో అడగలేదు, ఒక్క గంట మెలకువగా ఉండమన్నాడు, అంతే. మందిరంలో ఆ భాగం చదివినప్పుడల్లా శిష్యులు నిద్రపోయారని అందరూ నిట్టూరుస్తారు. నేను నిట్టూర్చను. గంట అంటే ఎంత పొడవో నాకు తెలుసు. మొదటి పావు పని. రెండో పావు ఓపిక. మూడో పావులో మనిషి తనతో తను బేరం మొదలుపెడతాడు. నాలుగో పావులో ఏముంటుందో మాట్లాడుకోవడానికి నాకు ఇష్టం ఉండదు. ఎందుకంటే ఒకసారి నేను నాలుగో పావుదాకా వెళ్ళలేదు. రెండో పావుక్కూడా వెళ్ళలేదు.

ఎనిమిదేళ్ళ కిందట. ఆడపిల్లల హాస్టలు వంటగది, ఆవిరితో వండే చిన్న బాయిలరు, ఇందులో సగం లేదు. సరిగ్గా పది నిమిషాలు చూశాను. ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. గొడుగు లేదు. అంతే. ఇంతకన్నా కారణం లేదు. భార్యకు నొప్పులొస్తున్నాయనో, నాన్న మంచంలో ఉన్నాడనో అయితే కనీసం చెప్పుకోవడానికైనా ఉండేది. తడుస్తానని లేచాను. మొదలు మూడు, ముగింపు నాలుగు అని గుండ్రంగా రాశాను, సంతకం పెట్టాను, వాన పడకముందే ఇల్లు చేరాను. వేడివేడి టీ తాగుతూ వానను చూశాను కూడా. ఆ వాన వెలిసినప్పటి నుంచీ మొదలైంది. వంటలు జరిగే వేళకి రోజూ గడియారం చూసేవాణ్ణి. ఆ పిల్లల్లో ఒకరి మొహం కూడా నేను చూడలేదు, అయినా మొహాలు కనిపించేవి. వెనక్కి వెళ్ళి మళ్ళీ చేస్తానని చెప్పచ్చు. చెప్తే ఎందుకని అడుగుతారు. ఏడాది అలాగే గడిచింది. మరుసటి ఏడు మొదటి రోజే వెళ్ళి గంట కాదు, గంటన్నర కూర్చున్నాను. ముల్లు వెంట్రుకంత కదిలితే ఒట్టు. రాయిలా ఉంది. ఇవాళ్టికీ ఉంది. అందులో ఇవాళ కూడా ఎవరికో అన్నం ఉడుకుతుంది.

నన్ను విసిగించేది అదే. ఏమైనా అయ్యుంటే, కాకూడదు, కాని ఏదో చిన్నదైనా, ఒక చుక్క కారుంటే, ఇదిగో పాపానికి ఫలితం అని పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికి దొరికేది. ఏమీ కాలేదు. ఇంట్లో చెప్తే "ఏమీ కాలేదుగా, వదిలెయ్యండి, ఎన్నాళ్ళు మోస్తారు" అంది. మోకాళ్ళ మీద ప్రభువుకు చెప్పాను. ఆయన క్షమించాడనే నమ్ముతాను, ఆ నమ్మకంలో లోటు లేదు. కాని ఆ కాగితం? అది ఇంకా ఏదో బీరువాలో ఉంది, మూడు నుంచి నాలుగు అంటోంది. నా పాపం కడిగాడు, కాగితం కడగలేదు. పైగా ఆ తర్వాతే నేను గంటల సారు అయ్యాను. భయంతో కూర్చున్న గంటలన్నీ జనం కంటికి నిజాయితీగా కనబడ్డాయి. పోయిన నెల పాస్టరు గారు ఇంటికొచ్చి, పెద్ద అయ్యేవాడి మీద వేలెత్తి చూపే మచ్చ ఉండకూడదు కదా, మీలాంటివాళ్ళే కావాలి అన్నప్పుడు, నోరు తెరిచాను. అప్పుడే మా ఆవిడ టీ పట్టుకొచ్చింది. నోరు టీ కోసం తెరిచినట్టు టీ తాగాను.

ఫోను. నాలుగూ నలభై ఆరు. ముల్లు మీంచి కన్ను తియ్యకుండానే ఎత్తాను. బావమరిది.

"బావా, గేటు దగ్గరున్నా. బండి స్టార్ట్ చేసే ఉంచా. వస్తున్నావా?"

"ఇంకా పంతొమ్మిది నిమిషాలు."

"అబ్బ! ఆ బాయిలరేమైనా పారిపోద్దా? అక్క నీ తెల్లచొక్కా ఇచ్చింది. చుట్టూ ఇస్త్రీ పెట్టెలు పెట్టుకుని కూర్చున్నావు, నీ చొక్కా మాత్రం మా ఇంటి బొగ్గులపెట్టె కిందే నలగాలి."

"బండి ఆపు. పెట్రోలు దండగ."

"ఇవాళ కూడా నీతులేనా? ఇంకా నువ్వు పెద్దవి కాలేదు బావా, అయ్యాక చెప్పు వింటా. పాస్టరు గారు అడిగితే ఏం చెప్పను?"

పెట్టేశాను. మంచివాడు. చుట్టం. గుమ్మంలోనే ఉన్నాడు, చెప్పులు విప్పడమే తరువాయి. నవ్వుకున్నాను, ఈసారి చిరాకు లేకుండా. నాన్న ఉంటే వీణ్ణి చూపించేవాణ్ణి. నాన్న ఉంటే ఇవాళ ముందు బల్ల మీద కూర్చునేవాడు, తను తుడిచిన బల్ల మీద. చివరి రోజుల్లో తలుపుల దుకాణంవాళ్ళు ఆయన్ని మానిపించారు, పుచ్చిన చెక్కకు రంగేసి మంచిదని చెప్పనన్నందుకు. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాడు. నీతిగా ఉన్న రోజున ఆయన ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. నీతి ఆయనకు సంతోషం ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరు చెప్పారు? పాటల్లో ఉంటుంది. పాడేటప్పుడు నేనూ నమ్ముతాను.

నాలుగూ యాభై నాలుగు. యాభై అయిదు. యాభై ఏడు. ముల్లు.

ముల్లు గీత కిందుంది.

రెప్ప కొట్టాను. గీత కిందే. గీతకీ ముల్లుకీ మధ్య కాగితం పట్టేంత తెలుపు. గాజు మీద గోటితో కొట్టాను, ఒక్కోసారి ముల్లు పట్టేస్తుంది, తడితే సర్దుకుంటుంది. తట్టాను. ఇంకాస్త దిగింది. గదిలో ఎవరూ లేరు. పొగమామ టీకి వెళ్ళినవాడు మేడమ్‌కు చిక్కినట్టున్నాడు. ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాలకి ఎంత దిగుతుంది, ఇంకో కాగితం మందం, కంటికి ఆనేదే కాదు, ఇంకొకడైతే చూసేవాడే కాదు. నేనెందుకు చూశాను? పంపు పిడి నా పక్కనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ముల్లు గీత మీదికొస్తుంది. చెయ్యి దాని మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. కవరు చూస్తే వెనక్కి పోయే చెయ్యి, ఈ పిడి దగ్గరికి మాత్రం దానంతటదే వచ్చింది. ఇనుము చల్లగా ఉంది. కోపం ముంచుకొచ్చింది, బాయిలరు మీద, గొట్టం మీద, ప్రభువు మీద కూడా, అవును, ఇవాళేనా, నేను నీ దగ్గరికి వస్తున్న రోజేనా అని. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాను. జేబులో సుద్దముక్క తగిలింది. కారుతున్న చోటు వెతకడానికి సుద్ద రాస్తాం. తడి ఉంటే తెలుపు నల్లబడుతుంది. లేచి మొదలుపెట్టాను. అతుకుల వెంట, పెద్ద మూత చుట్టూ, అడుగున మోకాళ్ళ మీద పాకుతూ, పైన నిచ్చెనెక్కి. మోకాళ్ళ మీద ఉండాలనుకున్నాను కదా ఈ వేళకి, ఉన్నాను. పొడి. పొడి. అంతా పొడి. చివరికి నా గేజి దగ్గరికొచ్చాను. నేను తెచ్చుకున్న గేజి, నా చేత్తో నేను బిగించిన మెలికలు. సుద్ద తాకించగానే నల్లబడింది. వేలు పెడితే ఒక నీటిబొట్టు. కన్నీటిబొట్టంత కూడా లేదు. టేపు ఏడు చుట్లు చుడతాను ఎప్పుడూ. ఇవాళ చుడుతుంటే ఇంటి నుంచి ఫోను వచ్చింది. రెండు చుట్లకే బిగించేశాను. కారింది బాయిలరు కాదు, నేను.

బాయిలరు బాగుంది. కారేది నా గేజి మాత్రమే. ఇప్పుడు నాకు తెలుసు, దేవుడి తోడు తెలుసు, ఇంక ఈ ఇనప పీపా తప్పేమీ లేదు. గేజి బిగించి, యాభై రెండు నిమిషాలకు ఎనిమిది కలిపి, సంతకం పెట్టచ్చు. అబద్ధం కూడా కాదు. ఎంత హాయిగా ఉందో ఆ మాట, ఎంత పద్ధతిగా వచ్చి పక్కన కూర్చుందో. కాని ఒక చోట కారి ముల్లు దిగుతుంటే, దాని వెనక కారే చోటు ఇంకోటి దాక్కుని ఉండచ్చు. ముల్లు రెంటికీ ఒక్కటే. సుద్ద పొడిగా ఉన్నంత మాత్రాన అతుకు గట్టిదని చెప్పలేం, గంటే చెప్పాలి. ఇది నా కింద పనిచేసేవాళ్ళకి నేనే నేర్పిన పాఠం. ఇంటివాడి తప్పు దొరికిందని దొంగ లేడనుకుంటామా? పానా తీశాను. ఒత్తిడి దించాను. నీళ్ళు బుస్సుమని చొక్కా నిండా చిమ్మాయి. తెల్లచొక్కా గేటు దగ్గరుంది, పోన్లే, ఇప్పుడప్పుడే అవసరం లేదు.

మా ఆవిడకు ఫోను చేశాను. అప్పటికే మందిరం మెట్ల మీద ఉంది. వెనక పాటకు తాళాలు వాయిస్తున్న చప్పుడు, ఎవరో గొంతు సవరించుకోవడం.

"ఏమండీ, అందరూ వచ్చేశారు. ఎక్కడిదాకా వచ్చారు?"

"రాలేను. మళ్ళీ గంట పడుతుంది."

"నాకు తెలుసు. పొద్దున్నే తెలుసు నాకు. సరే. ఆస్పత్రి పని, బాయిలరు కారింది, వదిలి రాలేకపోయారు అని చెప్తాను. పాస్టరు గారు సంతోషిస్తారు కూడా. పైవారం పెట్టుకుందామంటారు."

సంతోషిస్తారు. అందరి ముందూ చెప్తారు, చూశారా, తన సన్మానం కూడా వదులుకుని కూర్చున్నాడు అని. తలలు ఊగుతాయి. గంటల సారు పేరు ఇంకో జానెడు పెరుగుతుంది. పిడి మీద చెయ్యి మళ్ళీ పడ్డట్టనిపించింది.

"అలా చెప్పకు" అన్నాను. "బాయిలరు కారలేదు. నేను టేపు సరిగా చుట్టలేదు. తొందరపడ్డాను. నా తప్పు వల్ల ఆలస్యమైందని చెప్పు."

"అందరి ముందా?"

"అందరి ముందే. ఇంకోటి. పైవారం పెట్టుకునే ముందు నేనొకటి చెప్పాలని పాస్టరు గారితో అను. హాస్టలు సంగతి. ముందు ఆ కాగితం దిద్దించుకొస్తాను, అప్పుడొచ్చి చెప్తాను."

"ఇప్పుడెందుకండీ అది?" ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అది విన్నాక పెట్టుకోరేమో."

"పెట్టుకోరేమో."

ఆవిడ ఏడుస్తోందో విసుక్కుంటోందో తెలియలేదు. "తినేసి రండి ఏదైనా" అని పెట్టేసింది. తేలికపడతాననుకున్నాను, పడలేదు. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని చలేస్తోంది, వంగి వంగి నడుం పట్టేసింది, గోడ అవతల ఆ నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. టేపు చుట్టాను. ఒకటి, రెండు, మూడు, పైకే లెక్కపెడుతూ ఏడు. బిగించాను. పంపు కొట్టడం మొదలుపెడితే పొగమామ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంది సార్, అయిపోలేదా?"

"మళ్ళీ మొదలు మామా."

గేజి వంక చూశాడు, నా చొక్కా వంక చూశాడు. గ్లాసు నా చేతికిచ్చి, మూల నుంచి ఇంకో డబ్బా ఈడ్చుకొచ్చి, బోర్లించి, నా పక్కన వేసుకున్నాడు. "మీ మందిరం వేళ దాటిపోతుందిగా. కళ్ళు మూసుకుని ఇక్కడే చేసుకోండి ప్రార్థన. నేను చూస్తాలే ముల్లుని."

"వద్దు మామా. కళ్ళు తెరిచే చేసుకుంటా."

"అలా చెయ్యచ్చా మీలో?"

"ఏమో మామా. ఇవాళ చేసి చూస్తా."

ముల్లు పదిహేను గీత మీదికొచ్చి నిలబడింది. వాల్వు బిగించాను. ఫారం మీద పాత అంకె అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, కింద రాశాను, మొదలు అయిదూ ఇరవై మూడు. టీ చల్లారిపోయింది. గేటు దగ్గర్నుంచి హారను రెండుసార్లు మోగి ఆగింది. ముల్లు కదల్లేదు. ఒక నిమిషం అయింది.